ఒంటిమిట్ట రథం

ఎండ ముదిరితే మా సీమలో దేవుళ్ళు గుళ్ళల్లో నిలవరనీ, వీధిన పడి తిరుగుతారనీ మా అవ్వ అంటూ వుండేది. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. ఉగాది వచ్చిందంటే చాలు, కర్నూలును ఆనుకొని వున్న కల్లూరులో చౌడేశ్వరమ్మ గుడి చుట్టూ నీళ్ళు పోసి బురద చేసి, ఆ బురదలో గాడిదలను, ఎడ్లబండ్లను ప్రదక్షిణం చేయిస్తారు. మరునాడు ఆస్పరి మండలం కైరుప్పలలో ఊరంతా రెండు పక్షాలుగా చీలి పిడకలతో కొట్టుకుంటుంది. వీరభద్రస్వామికీ కాళికమ్మకూ పెళ్ళికి ముందు వచ్చిన పేచీ అది. ఇక కడప ముస్లిములు ఉగాదినాడు కొబ్బరికాయలు పట్టుకొని దేవుని కడప వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్తారు. ఆ స్వామి బీబీ నాంచారమ్మను పెళ్ళాడినవాడు గనుక వారికి అల్లుడు. పండుగపూట అల్లుణ్ణి పలకరించకపోతే మర్యాదగా వుంటుందా?

ఇదంతా ఎండల్లోనే యెందుకు అని ఒకసారి కోస్తా స్నేహితుడొకాయన నన్ను నిలదీశాడు. మెట్టసేద్యం చేసేవాణ్ణి అడిగితే తెలుస్తుంది. వేరుశనగ యింటికి వచ్చేసి వుంటుంది, లేదా రాక అప్పు మిగిలి వుంటుంది. మళ్ళీ విత్తనం వెయ్యాలంటే వాన పడాలి. దానికి యింకా రెండు నెలలకు పైగా గడువుంది. చెయ్యడానికి పని లేదు, చేతులు వూరుకోవు. అందుకని దేవుణ్ణి పట్టుకుంటారు.

ఈ చైత్రపు తిరునాళ్ళలో నేను చాలాకాలంగా చూడాలనుకొని చూడలేకపోయినది ఒంటిమిట్ట రథం. కడప నుంచి రాజంపేట పోయే దారిలో పాతిక కిలోమీటర్లు పోతే ఒంటిమిట్ట. బొంబాయి–మద్రాసు రైలుమార్గంలో దానికొక చిన్న స్టేషను కూడా వుంది. అంత దగ్గర వుండి యింతకాలం పోకపోవడానికి కారణం అడిగితే పిల్లల పరీక్షలని చెప్పేవాణ్ణి. ఒక యేడు ఉత్సవాలు ఆలస్యంగా వచ్చి, పరీక్షలు ముందే అయిపోయి, ఆ సాకు కాస్తా ఊడింది. మా ఆవిడ చద్దిమూట కట్టింది. అబ్బాయి, అమ్మాయి, మేమిద్దరమూ మధ్యాహ్నపు బస్సెక్కాము. భాకరాపేట దాటేవరకు కిటికీలోంచి వచ్చే గాలి పొయ్యిమీద పెనం దగ్గర నిలబడ్డట్టుగా వుంది. అమ్మాయి తల నా వొళ్ళో పెట్టి పడుకున్నది. అబ్బాయి ఫోను చూస్తూ కూర్చున్నాడు.

ఒంటిమిట్ట కథ పాఠకులలో చాలామందికి తెలిసేవుంటుంది. ఒంటుడు, మిట్టుడు అని యిద్దరు దొంగలుండేవారట; మనసు మారి రాముడి సేవకు దిగారట; ఊరి పేరు వారిదేనట. గర్భగుడిలో సీతారామలక్ష్మణులు ముగ్గురూ ఒకే శిలలో వున్నారు. అందుకే యిది ఏకశిలానగరం. పక్కన హనుమంతుడు లేడు. రాముడికి హనుమంతుడు తారసపడకముందటి ప్రతిష్ఠ అనీ, చేసినవాడు జాంబవంతుడనీ స్థలపురాణం చెబుతుంది. హనుమంతుడికి కోపం రాకుండా గుడి ఎదురుగా సంజీవరాయడుగా వేరే కోవెల కట్టారు. పోతన మావాడంటే మావాడని ఓరుగల్లు వారికీ కడప వారికీ నడిచిన తగువులోకి నేను దిగను. రెండు వైపులా నాకు బంధువులున్నారు. నవమినాడు ఒంటిమిట్టలో పోతన పేరు చెప్పి కవులను కూర్చోబెట్టి పద్యాలు చదివించే ఆచారం మాత్రం చక్కనిది.

అన్నిచోట్లా రాముడి పెళ్ళి నవమినాటి మిట్టమధ్యాహ్నం అవుతుంది. ఒంటిమిట్టలో నవమికి ఉత్సవాలు మొదలు మాత్రమే. పెళ్ళి పున్నమి ముంగిట, చతుర్దశి రాత్రి, వెన్నెలలో. సూర్యవంశపు రాజు పగలే పెళ్ళి చేసుకుంటే తాను చూడలేకపోయానని చంద్రుడు చిన్నబోయాడనీ, నీకోసం రాత్రిపూట చేసుకుంటానని స్వామి మాట ఇచ్చాడనీ చెబుతారు. విజయనగర ప్రభువులు తమది చంద్రవంశమని చెప్పుకొనేవారు గనుక వారి కాలంలో యీ యేర్పాటు జరిగిందని మరికొందరంటారు. నాకు మొదటిదే నచ్చింది. కడప ఎండలో మిట్టమధ్యాహ్నం పెళ్ళి పెట్టుకుంటే బంధువులు యేమవుతారో స్వామికి తెలియకనా!

నిజం చెప్పాలంటే ఆ రాత్రి మేము పెళ్ళి చూడలేదు. పెళ్ళిని తెరమీద చూశాము.

రాష్ట్రం రెండయిన 2014లో భద్రాచలం తెలంగాణకు పోయింది. శ్రీరామనవమికి ప్రభుత్వం పట్టుబట్టలూ ముత్యాల తలంబ్రాలూ పంపడానికి ఆంధ్రప్రదేశానికి ఒక గుడి కావలసివచ్చింది. 2015 నుంచి ఆ గౌరవం ఒంటిమిట్టకు దక్కింది. ఆ యేడే గుడి తిరుమల తిరుపతి దేవస్థానం చేతికి వెళ్ళింది. అంతవరకు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు బండ్లు కట్టుకొని వచ్చి, చెరువుగట్టున అన్నం తిని పోయే తిరునాళ్ళు, ఒక్కసారిగా రాష్ట్రానికంతటికీ పెళ్ళయింది. గుడి ప్రాంగణం చాలక వేరే పెద్ద కల్యాణవేదిక కట్టారు. లైట్లు, తెరలు, మంచినీళ్ళ పొట్లాలు, అన్నప్రసాదాలు అన్నీ సమృద్ధిగా వున్నాయి. జనం మాత్రం ఇసుక వేస్తే రాలనట్టున్నారు. మా వెనకనున్న ముసలమ్మ, "స్వామి యాడున్నాడప్పా?" అని నన్ను అడిగింది. నేను తెర చూపించాను. ఆమె తెరకే దణ్ణం పెట్టింది. ఇంత పెద్ద ఏర్పాటుకు వున్న బరువేమిటో 2018 మార్చి 30 రాత్రి తెలిసింది. కల్యాణం వేళ గాలివాన విరుచుకుపడి, పందిళ్ళు కూలి నలుగురు చనిపోయారు. ఆకాశంలో ఒక మూల మబ్బు కనబడితే పెద్దవాళ్ళు యిప్పటికీ అటే చూస్తున్నారు. ఆ రాత్రి నేనూ చూశాను.

తలంబ్రాలయ్యేసరికి అమ్మాయి నిద్రపోయింది. నా కుడికాలి చెప్పు ఎక్కడో జనంలో ఉండిపోయింది. బస్సులు నిండి కదులుతున్నాయి. ఊళ్ళోకి నడిచి, అరుగున్న ఒక యింటి ముందు నిలబడి, తెల్లవారేదాకా కూర్చోవచ్చునా అని అడిగాను. లోపలనుంచి ఒక పెద్దాయన వచ్చాడు. అడ్డపంచె, భుజాన తువ్వాలు.

"కూర్చునేదేంది నాయనా, పండుకోండి. బిడ్డ నిద్రపోతాంది గదా," అని చాప తెచ్చి పరిచాడు. ఆయన కోడలు చెంబుతో నీళ్ళూ, నాలుగు గ్లాసులలో మజ్జిగా తెచ్చి పెట్టింది. కడపరాళ్ళు పరిచిన ఆ అరుగు అర్ధరాత్రికి కాని చల్లబడలేదు. పెద్దాయన పడుకోలేదు. మాటిమాటికీ వీధి మొగను చూస్తున్నాడు.

"ఎవరైనా రావలసివుందా పెద్దాయనా?" అన్నాను.

"మా పెద్దోడు. కువైటునుంచి. మద్రాసులో దిగి బస్సెక్కాల. విమానం ఆలస్యమంట. రథానికి అందుకుంటాడో లేదో."

ఈ మాట దగ్గర కొంచెం ఆగాలి. పాత కడప జిల్లాలోని రాజంపేట, రైల్వేకోడూరు, రాయచోటి ప్రాంతాలలో కువైటు అనేది పరదేశం కాదు. పక్క తాలూకా వంటిది. బోర్లు ఎండిన ఊళ్ళలో మగవాళ్ళు డ్రైవర్లుగా, కూలీలుగా, ఆడవాళ్ళు యింటిపనులకు అక్కడికి పోయి, యేళ్ళ తరబడి డబ్బు పంపుతుంటారు. ఊళ్ళో కొత్త మిద్దె కనబడితే అది కువైటు మిద్దె అని కళ్ళు మూసుకొని చెప్పవచ్చు. వాళ్ళు సెలవు పెట్టుకొని వచ్చేది పెళ్ళికో, చావుకో, తిరునాళ్ళకో. ఈ పెద్దాయనకు యిద్దరు కొడుకులు. ఇద్దరూ అక్కడే. పెద్దవాడు నాలుగేళ్ళకు వస్తున్నాడు. చిన్నవాడికి సెలవు దొరకలేదు.

"మా నాయన మోకు పట్టినాడు, నేను పట్టినా. మోకాళ్ళు పోయినాక పెద్దోడు పట్టినాడు. ఇంటికొక చెయ్యి పడకుంటే యెట్ల నాయనా? రథం మంది లాగితే కదులుతాది. వూరోళ్ళు లాగితే నడుస్తాది," అన్నాడు.

ఆ రెంటికీ తేడా యేమిటో నాకప్పుడు తెలియలేదు.

మాటల్లో ఆయన వావిలికొలను సుబ్బారావుగారి సంగతి ఎత్తాడు. ఒంటిమిట్టలో యెవరితో పది నిమిషాలు కూర్చున్నా యీ పేరు వస్తుంది. రావాలి కూడాను. 1863లో జమ్మలమడుగులో పుట్టిన ఆ మహానుభావుడు రెవెన్యూ శాఖలో ఉద్యోగం చేసి, తరువాత మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు పండితులయ్యారు. వాల్మీకి రామాయణాన్ని తెలుగు పద్యాలలోకి తెచ్చి ఆంధ్రవాల్మీకి అనిపించుకున్నారు. మందరమని దానికి పెద్ద వ్యాఖ్యానం రాశారు. అంతటి మనిషి, ఒంటిమిట్ట గుడి జీర్ణించిపోతుంటే చూడలేక, చేత టెంకాయచిప్ప పట్టుకొని బిచ్చమెత్తారు. ఊరూరా తిరిగి, ఆ చిప్పలో పడిన కాసులతో గుడికి మరమ్మతులు చేయించి, స్వామికి నగలు చేయించారు. చివరకు ఆ చిప్పమీద ఒక శతకమే చెప్పారు. 1936లో కాలం చేశారు.

ఆలోచించండి. మట్లిరాజుల వంటి ప్రభువుల చలవతో లేచిన గోపురం అది. 1652లో గండికోటలో వున్న మీర్ జుమ్లాకు రత్నాలమ్మడానికి పోతూ ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే యీ గుడిని చూసి, దేశంలోని గొప్ప ఆలయాల్లో యిదొకటని తన పుస్తకంలో రాసుకొన్నాడు. అలాంటి గుడి రెండున్నర శతాబ్దాలు గడిచేసరికి ఒక పండితుడి టెంకాయచిప్పలోకి దిగింది. రాజులు పోయారు, నవాబులు పోయారు. మిగిలినది ఊరూ, బిచ్చమెత్తడానికి సిగ్గుపడని ఒక మనిషీ. మధ్యకాలంలో ఉత్సవాలు నడిచాయంటే వీధిలో వున్న చేతుల బలంమీద నడిచినవే.

నవాబుల మాట వచ్చింది గనుక ఇమాంబేగ్ బావి సంగతి చెప్పి ముందుకు పోతాను. కడప నవాబు అబ్దుల్ నబీఖాన్ ప్రతినిధి ఇమాంబేగ్, మీ దేవుడు పిలిస్తే పలుకుతాడా అని వచ్చిపోయేవాళ్ళను అడిగాడట. నమ్మి పిలిస్తే పలుకుతాడన్నారు. ఆయన మూడుసార్లు పిలిచాడు. మూడుసార్లూ లోపలనుంచి ఓ అని పలికిందట. మనసు కరిగి గుడికి నీళ్ళకోసం బావి తవ్వించాడు. ఇది 1640 నాటి సంగతని చెప్పుకుంటారు. అబ్దుల్ నబీఖాన్ పద్ధెనిమిదో శతాబ్దం వాడు గనుక ఆ లెక్క కుదరదు. కుదరకపోతే పోనీయండి, బావి వుంది, ఇమాంబేగ్ పేరూ వుంది. ముస్లిములు యీ గుడికి రావడమూ వుంది.

తెల్లవారింది. పెద్దాయన కొడుకు రాలేదు.

రథం అప్పటికే ముస్తాబవుతున్నది. మామిడాకులు, అరటిబోదెలు, రంగుగుడ్డలు, పూలదండలు. ఉత్సవాలు జరిగే రోజుల్లో స్వామి శేషవాహనం, హంస, సింహం, హనుమంతుడు, గరుడుడు అంటూ పూటకొక వాహనమెక్కుతాడు. పెళ్ళిరాత్రి ఏనుగెక్కుతాడు. అవన్నీ మనుషుల భుజాలమీద పోతాయి. పెళ్ళి మరునాడు మాత్రం రథం. కొత్త దంపతులు ఊరు చూడ్డానికి బయలుదేరడమన్నమాట. అశ్వవాహనం, చక్రస్నానం ఆ తరువాత. రాత్రి వచ్చిన పెద్ద మోటార్లన్నీ అప్పటికి వెళ్ళిపోయాయి. వీధుల్లో ఊరివాళ్ళే కనిపిస్తున్నారు. ప్రతి గడపలోనూ నీళ్ళు చల్లి ముగ్గు వేశారు. బిందెలతో పానకం, వెడల్పాటి పళ్ళాలలో వడపప్పు. ఒక బొరుగుల అంగడాయన రాత్రంతా అమ్మి అలసిపోయి, తక్కెడ పక్కనే తలపెట్టి నిద్రపోతున్నాడు.

"నాన్నా, రథానికి బ్రేకు వుంటుందా?" అన్నాడు మా అబ్బాయి. ప్రయాణం మొదలుపెట్టిన తరువాత వాడు ఫోను దించి అడిగిన మొదటి ప్రశ్న అది.

పెద్దాయన వాణ్ణి చెయ్యిపట్టుకొని చక్రం దగ్గరకు తీసుకుపోయి చూపించాడు. బ్రేకూ లేదు, పగ్గమూ లేదు. చక్రాల పక్కన కొందరు కొయ్యదిమ్మెలు పట్టుకొని నడుస్తారు. రథం వేగమందుకుంటే దిమ్మె చక్రం కింద పడేస్తారు, ఆగుతుంది. మూల తిరగవలసివస్తే ఒక చక్రం కింద దిమ్మె పెట్టి రెండోవైపు లాగిస్తారు. రథం ముక్కు అటు తిరుగుతుంది. లాగేవాళ్ళ బలం కంటె ఆ దిమ్మె పట్టుకున్నవాడి కన్ను ముఖ్యం. ఒక క్షణం ముందు వేస్తే రథం మొండికేస్తుంది. ఒక క్షణం ఆలస్యమైతే గోడ. అబ్బాయి నోరు తెరుచుకొని విన్నాడు.

పొద్దెక్కింది. ఎండ నెత్తికి ఎక్కకముందే మేళం మొదలయింది. గోవింద నామం లేచింది. మొదటి గుంజుకు రథం కదలలేదు. ముందు పట్టుకున్నవాళ్ళంతా పైనుంచి వచ్చిన యాత్రికులు, నావంటివాళ్ళు. ఒకరు లాగేటప్పుడు మరొకరు ఊపిరి తీసుకుంటున్నారు. అప్పుడు ఊరివాళ్ళు మధ్యమధ్య దూరి మోకు పట్టుకున్నారు. ఎవరో ఒక కేక వేశారు. ఆ కేకకు అందరి నడుములూ ఒక్కసారి వంగాయి. పొడిరాయి మీద బండరాయి దొర్లినట్టు ఒక చప్పుడయింది, రథం నడిచింది. రాత్రి పెద్దాయన చెప్పిన తేడా నాకు మోకు పట్టుకున్న చేతుల్లో తెలిసింది. నేనూ పట్టుకున్నాను మరి. ఒక కాలికి చెప్పుంది, ఒక కాలికి లేదు, రెండోదీ విడిచేశాను.

2020లోనూ, 2021లోనూ కరోనా వల్ల కల్యాణం గుడిలోపలే ఏకాంతంగా జరిపారు. ఆ రెండేళ్ళూ తానీ అరుగుమీద కూర్చొని ఖాళీ వీధిని చూశానని పెద్దాయన రాత్రి చెప్పాడు. ఆ రోజుల్లో ఆయన కొడుకులిద్దరూ కువైటులో పనులు ఆగి, గదుల్లో వుండి, ఫోనులో అడిగారట, నాయనా మన రథం యేమయిందని. ఏం చెప్పాలో తెలియక, నేను యీడనే వున్నా, రథం యీడనే వుందిలే అన్నాడట.

మొదటి మూల తిరిగింది. రెండో వీధిలో ఒక యింటి ముందు హారతికోసం రథం ఆగింది. అంతలో జనం వెనకనుంచి కలకలం. నల్లని సంచీ భుజాన వేసుకొని, చొక్కా చెమటకు అంటుకుపోయి, ఒకతను పరుగున వస్తున్నాడు. పెద్దాయన కోడలు గడపలో నిలబడి చూసింది. అతను ఆమెను చూశాడు. పలకరించలేదు. సంచీ అరుగుమీదికి విసిరి, బూట్లు విప్పి, నేరుగా మోకులోకి దూరాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్విందో యేడ్చిందో నాకు తెలియలేదు. మా ఆవిడను అడిగితే రెండూ అన్నది.

పెద్దాయన కొడుకువైపు పోలేదు. తువ్వాలు తలకు చుట్టుకొని రథం పక్కన కుంటుతూ నడుస్తున్నాడు. ఫోను ఒకటి చేతిలో పైకి పట్టుకున్నాడు. అందులో చిన్నకొడుకు మొహం. ఎక్కడో ఆగిన బండిలో కూర్చొని చూస్తున్నట్టున్నాడు. "కనబడతాందారా? చక్రం కనబడతాందా? అన్న కనబడతాన్నాడా?" అని అడుగుతూ పోతున్నాడు పెద్దాయన. ఫోను తలకిందులుగా పట్టుకున్నాడని మా అబ్బాయి కనిపెట్టి, పరుగెత్తి సరిచేసి, ఆ తరువాత ఆయన చేతిలోంచి తీసుకొని తనే పైకెత్తి పట్టుకొని నడిచాడు. రథం తన చోటికి తిరిగి చేరేదాకా వాడు దించలేదు.

మధ్యాహ్నం ఆ యింట్లోనే మాకు భోజనం. రాగిసంగటి, చనిక్కాయల ఊరుబిండి, పిల్లలకని అన్నమూ పప్పూ. పెద్దకొడుకు మా పక్కన కూర్చున్నాడు. రెండు అరచేతులూ ఎర్రగా కమిలి వున్నాయి. నాలుగేళ్ళుగా స్టీరింగు తప్ప వేరేది పట్టలేదట. భార్య నెయ్యి తెచ్చి రాయబోతే సిగ్గుపడి చేతులు వెనక్కు తీసుకున్నాడు.

"ఎన్నాళ్ళు సెలవు?" అన్నాను.

"ముప్పై దినాలన్నా. రెండు దినాలు విమానాశ్రయంలోనే పోయినాయి."

"వచ్చే యేటికి చిన్నోడు వస్తానన్నాడు," అన్నాడు పెద్దాయన, కంచంలోంచి తలెత్తకుండా.

సాయంత్రం నాలుగింటికి కడప బస్సు దొరికింది. పెద్దాయన కోడలు మా ఆవిడ వొళ్ళో పసుపు, కుంకుమ, రెండు దోసపళ్ళు పెట్టింది. ఆయన తన పాత చెప్పులు నాముందు పెట్టి, వేసుకుంటే తప్ప బస్సు ఎక్కనివ్వనన్నాడు. అవి నాకు ఒక అంగుళం పెద్దవి. భాకరాపేట దగ్గర అమ్మాయి లేచి, రథం ఏదని అడిగింది.

"షెడ్డులో వుంది," అన్నాడు మా అబ్బాయి, తనే తోలిపెట్టి వచ్చినట్టు.